గొట్టం మీది గీత

మా తమ్ముడి చేతిలో ఏ వస్తువు పెట్టినా ముందు దాని బరువు చెబుతాడు, ఆ తర్వాతే అదేమిటో చూస్తాడు. పార్సిల్ ఆఫీసులో తూకం దగ్గర పని వాడిది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తెచ్చిన మూటల్నీ అట్టపెట్టెల్నీ కాటా మీదికెక్కించడం, అంకె చూడడం, చీటీ అంటించడం, దించడం. ఇంటికొచ్చినా ఆ జబ్బు వదలదు. నేను టిఫిన్ క్యారియర్ చేతికిస్తే కాస్త పైకెత్తి చూసి, "నిన్నటికంటే తక్కువ పెట్టావేంటక్కా" అంటాడు. వీధిలో అందరూ వాణ్ణి కాటా అనే పిలుస్తారు.

వాడు మా ఇంట్లోనే ఉంటాడు. అమ్మ పోయేనాటికి వాడికింకా మీసాలు కూడా రాలేదు. హాస్టల్లో వేద్దామని చుట్టాలంతా తలో మాటా అంటుంటే, మా ఆయన లేచి, "మనం తినేదే వాడూ తింటాడు" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశారు. చదివించారు. పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం కూడా తన దగ్గర బట్టలు కుట్టించుకునే పెద్దమనిషినొకణ్ణి బతిమాలి ఆయన వేయించిందే. వాడికి నేనంటే భయం, బావంటే ప్రాణం. ఆ ప్రాణం మీదికే తెచ్చాడు వెధవ.

మా ఆయన టైలరు. ఊళ్లో అందరికీ మాస్టరు. కింద షాపు, పైన ఇల్లు. కత్తిరించడం ఆయన, కాజాలు, గుండీలు, అంచులు మడవడం నేను. మనిషి పొడుగూ, అందుకు తగ్గ ఒళ్లూ. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. నా నోటి సంగతి కొత్తగా చెప్పేదేముంది, ఊరుకోను కదా! "మెట్లు దిగేటప్పుడు కాస్త చెప్పి దిగండి, కింద మిషన్లు అదురుతున్నాయి" అనేదాన్ని కస్టమర్ల ముందే. అందరికంటే ముందు ఆయనే నవ్వేవారు. ఆ నవ్వు చూసి నేను ఇంకో రెండు వేసేదాన్ని.

ఊరి చివర రాళ్ల క్వారీ దాటాక కొండ మీదికి ఒక సన్నటి మట్టిదారి ఉంది. ఆదివారం పొద్దున్నే కొందరు సైకిళ్ల మీద ఆ దారెక్కి, రాళ్ల మీదుగా గెంతించుకుంటూ దిగుతుంటారు. వాళ్లను చూసి మావాడికీ సరదా పుట్టింది. ఎవరో తొక్కి తొక్కి విసుగెత్తి అమ్మేసిన మౌంటెన్ బైకొకటి తెచ్చాడు. సైకిలా అది! గేదె! మెట్ల మీదినుంచి పైకి మోసుకొచ్చేసరికి వాడి నాలుక బయటికొచ్చింది. కొండ మీద సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. మిగతావాళ్లంతా పైకెక్కి, నీళ్లు తాగి, కబుర్లు చెప్పుకుని, దిగడానికి లేచాక వీడు రొప్పుతూ చేరేవాడట. "వచ్చావా కాటా? పద, దిగుదాం" అనేవాళ్లట. ఆ మాట వాడికి ముల్లులా గుచ్చుకుంది.

సైకిల్ షాపాయన దగ్గరికి వెళ్లి దీని బరువెలా తగ్గించాలని అడిగాడు. "ముందు చక్రాలు చూసుకో తమ్ముడూ. తిరిగే బరువే మనిషి ప్రాణం తీస్తుంది. మిగతావి తర్వాత" అన్నాడట ఆయన. "అసలు పైసా ఖర్చు లేకుండా తగ్గేది తొక్కేవాడి బరువు. నీకా దారి కూడా లేదు, నువ్వే చువ్వలా ఉన్నావు" అని నవ్వాడట. మావాడు ఆ జోకు మోసుకొచ్చి భోజనాల దగ్గర చెప్పాడు. ఇద్దరం మా ఆయన వైపు చూసి పగలబడి నవ్వాం. ఆయనా నవ్వారు.

అక్కణ్ణుంచి మొదలైంది పిచ్చి. స్టాండు పోయింది. మడ్‌గార్డులు పోయాయి. చక్రాల్లో మెరిసే బిళ్లలు పోయాయి. టైర్లలోంచి ట్యూబులు పీకేసి, బదులు తెల్లటి జిగురు నీళ్లేవో పోశాడు. అవి కారి నా మెట్లన్నీ పాడయ్యాయి. ఇనుప పెడళ్లు తీసి ప్లాస్టిక్‌వి వేశాడు. హ్యాండిల్ రెండు చివర్లా కోసేశాడు. తీసిన ప్రతి ముక్కనీ జేబులో వేసుకుని ఆఫీసుకు పట్టుకెళ్లడం, చిన్న కాటా మీద తూచడం, సాయంత్రం ఇంటికొచ్చి, "అక్కా, ఇవాళ ఒక ఉల్లిపాయంత తగ్గింది" అని మురిసిపోవడం.

"ఆ ఉల్లిపాయంత నీ బుర్రలో వేసుకో, అక్కడ ఖాళీగా ఉంది" అనేదాన్ని.

ఆ రోజుల్లోనే డాక్టరు మా ఆయనతో, షుగరు వచ్చేలా ఉంది, ఒళ్లు కదిలించాలి అన్నాడు. నడవమంటే నడిచారు, రెండో వారానికే విసుగొచ్చింది. "పోనీ నా సైకిలెక్కు బావా" అన్నాడు మావాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన మాత్రం ఎక్కారు. మావాడికంటే తలెత్తు పొడుగు కదా, సీటు పైకి లేపాల్సి వచ్చింది. సీటు కింద గొట్టం సైకిల్లోకి దిగి ఉంటుంది, దాన్ని పైకి లాగి బిగించాలి. మావాడు వంగి కూర్చుని బావకి పాఠం చెప్పాడు.

"ఇదిగో, గొట్టం మీద ఈ గీత చూశావా బావా? ఎంత ఎత్తినా ఈ గీత బయటికి కనపడకూడదు. గీత లోపలుందంటే నువ్వే కాదు, నీ భుజాల మీద ఇంకొకడెక్కినా భయం లేదు."

"గీతల సంగతి టైలరుకి చెబుతున్నావుట్రా?" అన్నారు ఆయన.

ఒక ఆదివారం వాడు, ఒక ఆదివారం ఆయన, అలా వంతులు వేసుకున్నారు. మొదట్లో సగం దారి దిగి తోసుకుంటూ వెళ్లేవారు. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, "ఏమేవ్, తొక్కే ఎక్కానే! ఎక్కడా దిగలేదు!" అని కేక పెట్టారు. మా పెళ్లయినప్పట్నుంచి ఆ మనిషి గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. పై మలుపు దగ్గర్నుంచి ఊరంతా కనపడుతుందట, మన షాపు రేకులు కూడా గుర్తుపట్టారట. కొలతలివ్వడానికొచ్చిన ప్రతివాడికీ టేపు మెడలో వేసుకుని ఇదే కథ. కత్తిరిస్తూ ఈల వేయడం కూడా మొదలుపెట్టారు. నాకూ సంతోషంగానే ఉండేది. పైకి మాత్రం, "కొండ కుంగలేదు కదా" అనేదాన్ని.

ఇక మావాడి చూపు సీటు గొట్టం మీద పడింది. మందపాటి ఇనుప గొట్టం, పొడుగైంది. వాడు పొట్టి. సీటు కిందికి దించుకుంటాడు కాబట్టి గొట్టంలో చాలా భాగం సైకిలు లోపల ఊరికే పడి ఉంటుంది. ఊరికే ఉన్నదాన్ని మోసుకు తిరగడం దేనికని రంపం తీసుకుని, పెరట్లో నా బట్టలుతికే బండ మీద పెట్టి, కింది భాగం కోసేశాడు.

ఆ గీతకి అర్థం ఏమిటంటే, దాని కింద ఇంత గొట్టం ఉంది, అదంతా సైకిలు లోపల గట్టిగా కూర్చుని ఉంటుంది అని. కింద కోసేశాక గీత ఉన్నచోటే ఉంది, కింద ఉండాల్సిన గొట్టం మాత్రం లేదు. మావాడి ఎత్తుకి ఇబ్బంది లేదు. బావ ఎత్తుకి లేపితే లోపల నాలుగు వేళ్ల గొట్టం కూడా మిగలదు. ఇదంతా వాడికి తెలుసు. బావకి చెప్పాలనుకున్నాడు కూడా. చెబితే, "అయితే నాకెలాగరా?" అంటాడు, ఇంకో పొడుగు గొట్టం వెతికి పెట్టాలి, మళ్లీ బరువు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. తర్వాత నిజంగానే మర్చిపోయాడట. ఆ తర్వాత బావ వంతు వచ్చిన ఆదివారం వాడికి ఆఫీసులో డ్యూటీ పడింది.

మా ఆయన సైకిలు తీసుకుని, నేర్పినట్టే సీటు లేపి, గీత కనపడకుండా చూసుకుని మరీ బిగించి వెళ్లారు. దిగేటప్పుడు రాళ్ల మెట్టొకటి వస్తుంది. అక్కడ సీటు గొట్టం సైకిల్ని చీల్చుకుని ఊడొచ్చేసింది. ఆయన భుజం మీద పడ్డారు. మెడ పక్క ఎముక విరిగింది.

ఎవరిదో వ్యానులో ఆసుపత్రికి తీసుకొచ్చారు. నేను వెళ్లేసరికి కుడిచెయ్యి గుండెకి కట్టేసి ఉంది. సైకిలు తెచ్చినవాళ్లు బయట నిలబడి, "మాస్టరు గారి బరువుకి ఇనుమే చిరిగిపోయిందండీ" అంటున్నారు. వాళ్లు వెటకారానికి అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. మంచం మీద ఈయన కూడా నీరసంగా నవ్వి, "ఇనుము కూడా మొయ్యలేకపోయిందే నన్ను" అన్నారు. భయం వస్తే నాకు కోపమే వస్తుంది, ఏం చెయ్యను. "ఎక్కడైనా ఏనుగు సైకిలెక్కుతుందా? మీ ఒళ్లు మీకు తెలియద్దూ?" అని వార్డంతా వినపడేలా అరిచాను.

తమ్ముడు మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. బయట సైకిలు చూసే లోపలికొచ్చాడు. గొట్టం చూడగానే వాడికి అంతా తెలిసిపోయింది. నావైపు చూసి ఏదో చెప్పబోయాడు. "నర్సుని పిలుచుకొస్తాను" అని వెళ్లిపోయాడు.

ఇక ఇంటి పరిస్థితి చెప్పక్కర్లేదు. కత్తెర పట్టే చెయ్యి మెళ్లో వేలాడుతుంటే కత్తిరింపులెక్కడివి? స్కూలు యూనిఫారాల గుడ్డంతా తానులు తానులుగా బల్ల మీద అలాగే ఉంది. మావాడు ఆఫీసు నుంచి వస్తూనే షాపులో దూరేవాడు. ఆయన స్టూలు మీద కూర్చుని ఇక్కడ కొయ్యి, అక్కడ వదులు అని చెబుతుంటే వీడు చెమటలు కక్కుతూ కత్తిరించేవాడు. పొద్దున్నే బావకి స్నానం చేయించేవాడు, చొక్కా తొడిగేవాడు, మెళ్లో గుడ్డ ముడి సరిచేసేవాడు. సొంత కొడుకైనా ఇంత చేస్తాడా, ఎంత అదృష్టవంతురాలిని అని అందరి దగ్గరా చెప్పుకుని మురిసిపోయాను. నా మురిపెం తగలెయ్య!

ఆయనలో మార్పు నేను మొదట కనిపెట్టలేదు. ఒకరోజు చూస్తే, కుర్చీలో కూర్చునే ముందు ఎడమచేత్తో దాన్ని నొక్కి చూస్తున్నారు. ఆ తర్వాత గమనిస్తే ఎక్కడైనా అంతే. బల్ల, స్టూలు, మంచం, అన్నిటినీ నొక్కి చూసి మెల్లగా కూర్చునేవారు. మెట్లు గోడ పక్కగా ఒదిగి దిగేవారు. భోజనంలో సగం తినేవారు. రెండోసారి వడ్డించబోతే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టేవారు. "చాల్లేవే, ఇనుమే ఆగలేదు నాకు" అనేవారు. ఎదురుగా మావాడు తల వంచుకుని తింటుండేవాడు. వాడి పళ్లెం ఖాళీ అయితే నేను మళ్లీ వడ్డించేదాన్ని. పాపం, ఇంటి బరువంతా మోస్తున్నాడు కదా అని!

కట్టు విప్పాక డాక్టరు అన్నీ చేసుకోవచ్చన్నాడు. కొండ మీద స్నేహితులు వచ్చి, ఇంకో సైకిలు చూద్దాం రమ్మన్నారు. "ఆ కొండ నాలాంటివాళ్లకి కాదులెండి" అని మర్యాదగా పంపేశారు. ఈల మానేశారు. కస్టమర్లతో కొలతల మాట తప్ప ఇంకో మాట లేదు. నడుము కొలుస్తూ ఎవరిదైనా పెద్ద అంకె వస్తే, దాన్ని పైకి చదవకుండా రాసుకునేవారు.

అలా ఉండగా పొరుగూరి బడికి యూనిఫారాల మూట పంపాల్సి వచ్చి, ఇద్దరం పార్సిల్ ఆఫీసుకి వెళ్లాం. మావాడు మూటని కాటా మీద పెట్టి, తూచి, చీటీ అంటించి దించాడు. వెనక ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు.

"ఒకసారి నన్నూ తూచరా" అన్నారు ఈయన.

"ఇది సామాన్లకి బావా" అన్నాడు వాడు నవ్వబోతూ.

"నేనూ సామానేగా."

వెనకవాళ్లు నవ్వారు. ఈయన చెప్పులు విప్పారు. వంగి, కాటా పలకని చేత్తో నొక్కి చూశారు. ముందొక కాలు పెట్టి, ఆగి, రెండో కాలు పెట్టారు. ఊపిరి బిగపట్టి నిటారుగా నిలబడ్డారు.

"ఎంతుందో దాచకుండా చెప్పు. మందుల షాపు మిషన్ మీద నాకు నమ్మకం లేదు, నీ కాటా అబద్ధం చెప్పదు. ఎంతకి దిగితే సైకిలు నన్ను మోస్తుందో అది కూడా చెప్పు. అంతదాకా నోరు కట్టుకుంటాను. ఇంకొక్కసారి ఆ మలుపు దాకా వెళ్లాలనుందిరా."

మావాడు అంకె చూడలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"దిగు బావా."

"చెప్పరా బాబూ."

"నువ్వు దిగు బావా. నీ బరువుకి కాదు. నీ బరువుకి విరగలేదు. నేను గొట్టం కోసేశాను. కింద. బరువు తగ్గాలని. నీకు చెప్పలేదు. ఆ రోజే చూశాను. చూసి కూడా చెప్పలేదు."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. కాటా మీదే నిలబడి, "గీత కనపడకుండానే పెట్టాను కదరా నేను?" అన్నారు.

"నువ్వు సరిగ్గానే పెట్టావు బావా. గీత కిందే ఏమీ లేదు. నేను తీసేశాను."

నేను చెయ్యెత్తాను. అందరి ముందూ చెంప వాయించేదాన్నే. ఈయన ఎడమచేత్తో నన్ను ఆపి, నావైపు తిరిగారు. కళ్లనిండా నీళ్లు. మొహంలో మాత్రం కోపం లేదు, పరీక్ష పాసైన పిల్లాడి మొహం అది.

"విన్నావుటే? నా ఒళ్లు కాదుట" అన్నారు.

మావాడు అక్కడే చతికిలబడి ఏడ్చేశాడు. తిడితే తట్టుకునేవాడేమో, ఆ సంతోషాన్ని మాత్రం తట్టుకోలేకపోయాడు.

సాయంత్రం ముగ్గురం భోజనాలకి కూర్చున్నాం. చాలా రోజుల తర్వాత ఈయన పళ్లెం నా వైపు జరిపి మళ్లీ పెట్టమన్నారు. రెండు ముద్దలు తిని ఆగారు. తమ్ముడి వైపు చూడకుండా, మామూలు గొంతుతోనే అన్నారు.

"ఎముక విరిగిందంటే విరిగింది, అతుక్కుంది. దానికేం లేదురా. నేను సగంలో లేచి చెయ్యి కడుక్కుంటుంటే, రోజూ ఎదురుగా కూర్చుని చూస్తూ తిన్నావు కదా. అదే మింగుడు పడడం లేదు."

ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. మర్నాటినుంచి మామూలుగానే మాట్లాడుతున్నారు, ఒరేయ్ అని పిలుస్తున్నారు. కుర్చీలు నొక్కి చూడడం మానేశారు. సైకిల్ షాపాయనతో కొత్త ఫ్రేము గురించి బేరం కూడా మొదలుపెట్టారు. కుదుటపడనిది మావాడే. భోజనానికి పైకి రాడు. ఆఫీసులో తిన్నానంటాడు, ఆకలి లేదంటాడు. ముందే చువ్వ, ఇప్పుడు చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టుంది.

నేను వాణ్ణి ఇంకా తిట్టలేదు. ఆశ్చర్యమే! గిన్నె కింద పడితే పది నిమిషాలు తిట్టేదాన్ని. రోజూ మనసులో తిట్లు కూడబెట్టుకుంటున్నాను, వాడి మొహం చూస్తే పెదవి దాటడం లేదు. చివరికి నిన్న ఈయనే అన్నారు, "ఏమేవ్, వాణ్ణి ఒకసారి గట్టిగా తిట్టెయ్యవే. నీ చేత తిట్లు తింటే తప్ప వాడు అన్నం తినేలా లేడు."

సరే అని పళ్లెంలో అన్నం పెట్టుకుని కిందికి దిగాను. వాడు బల్ల దగ్గర కూర్చుని అంచులు మడుస్తున్నాడు. నన్ను చూసి సూది పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. నేనెందుకొచ్చానో తెలిసిపోయినట్టుంది.

"తిట్టక్కా" అన్నాడు. అడుక్కున్నట్టుంది ఆ గొంతు.

నోరు తెరిచాను. అన్నిటికంటే ముందు నోటికొచ్చిన మాట, "అంత మంచి మనిషిని అన్నన్ని మాటలు పడనిచ్చావు కదరా!" అని. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆసుపత్రిలో వార్డంతా వినపడేలా ఏనుగన్నదెవరు? కస్టమర్ల ముందు మిషన్లు అదురుతున్నాయన్నదెవరు? ఇనుము విరిగింది నీ ఒంటికే అంటే ఆ మనిషి వెంటనే ఎందుకు నమ్మాడు? ఏళ్ల తరబడి ఇంట్లో ఆ మాట ఎవరి నోట విన్నాడు?

వాడు ఇంకా నావైపే చూస్తున్నాడు. పళ్లెం బల్ల మీద పెట్టాను. పక్కన స్టూలు లాక్కుని నేనూ కూర్చున్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.